కృతజ్ఞత వేఱు, స్తోత్రము వేఱు

చేసిన మేలు మఱవనివాడు మంచివాడు. ఈ మాటకు మన దేశములో ఎదురు చెప్పువారు లేరు. కాని మేలు మఱవకుండుట యొకటి. మేలు చేసినవాని వాకిట వందిమాగధుల వలె నిలిచి స్తోత్రపాఠము చేయుట మఱియొకటి. మొదటిది గుణము, రెండవది కొలువు. నేడు చదువుకొన్న తెలుగు గృహములలో రష్యా దేశమును గూర్చియు, ఆ దేశాధ్యక్షుడైన వ్లదిమీర్ పుతిన్‌ను గూర్చియు జరుగు సంభాషణలను విన్నచో ఈ రెంటికిని గల భేదము మనవారికి మఱపు వచ్చినట్లు తోచుచున్నది. "రష్యా మనకు ఎన్నడును ద్రోహము చేయలేదు, కావున రష్యాను గూర్చి చెడ్డగా చెప్పునదంతయు పాశ్చాత్యుల కల్పన" అని యొకరందురు. "నాయకుడన్న అట్లుండవలెను, లోకమంతయు వణకుచున్నది" అని వేఱొకరందురు. ఇట్లు చెప్పువారు మూర్ఖులు కారు. పట్టములు పుచ్చుకొన్నవారు, బిడ్డలకు సత్యము పలుకుమని బోధించువారు. అందుచేతనే ఈ విషయమును గూర్చి నాలుగు మాటలు వ్రాయవలసి వచ్చినది.

మనము పొందిన మేలును ముందుగా దాచకుండ చెప్పికొందము. లేనిచో వాదము న్యాయము కాదు. సనత్‌నగరమున కానుకొనియున్న బాలానగరములో ఐ.డి.పి.ఎల్. మందుల కర్మాగారము సోవియట్ సహాయముతో వెలసినది. ఆ సంస్థ 1961లో ఏర్పడినది. విదేశపు కంపెనీలు చెప్పిన ధరకు మందు కొనలేక బీదలు జబ్బును భరించుచున్న కాలములో, మన దేశములోనే మందులను చౌకగా చేయు విద్యను ఆ కర్మాగారము నేర్పినది. అందు పనిచేసిన కల్లం అంజిరెడ్డిగారు 1984లో డాక్టర్ రెడ్డీస్ సంస్థను స్థాపించిరి. మందుల తయారీలో హైదరాబాదునకు నేడు గల కీర్తికి వేరు ఆ కర్మాగారములో నున్నది. అది మూతపడి చాలకాలమైనను అందు నేర్చిన విద్య మూతపడలేదు. విశాఖపట్టణపు ఉక్కు కర్మాగారమునకు సోవియట్ ప్రభుత్వముతో ఒడంబడిక 1979లో జరిగినది. 1971లో బంగ్లాదేశ యుద్ధ సమయమున ఐక్యరాజ్య సమితి భద్రతామండలిలో మన పక్షమున నిషేధాధికారమును ప్రయోగించినది సోవియట్ యూనియనే. ఇవన్నియు నిజములు. వీనిని మఱచినవాడు కృతఘ్నుడు.

అన్నిటికన్న మిన్నయైన మేలు పుస్తకములు. మాస్కోలోని ప్రగతి ప్రచురణాలయమును, 1982లో దానినుండి వేఱుపడిన రాదుగ ప్రచురణాలయమును గట్టి అట్టతో, చక్కని బొమ్మలతో, అతి చౌకగా తెలుగు పుస్తకములను అచ్చువేసి పంపినవి. విశాలాంధ్రవారి దుకాణములలో అవి దొరకెడివి. ఉప్పల లక్ష్మణరావు, రాచమల్లు రామచంద్రారెడ్డి వంటి పెద్దలు మాస్కోలో నుండియే తెనిగించిరి. మారుమూల గ్రామములోని పిల్లవాడు టాల్‌స్టాయి, చెఖోవు, గోర్కీల పేర్లను ఇంటి చుట్టముల పేర్ల వలె ఎఱిగియుండుటకు ఆ పుస్తకములే కారణము. మఱి యే పెద్ద దేశమైన తెలుగువానికి తెలుగులో ఇంత సాహిత్యమును పంపినదా? లేదు.

అయితే ఆ మూటలోనే మఱియొక సరకు కూడ వచ్చెడిది. సోవియట్ రాయబార కార్యాలయమువారి "సోవియట్ భూమి" పత్రిక అట్టిది. దాని నున్నని కాగితము బడిపిల్లల పుస్తకములకు అట్టలు వేసికొనుటకు మిక్కిలి పనికివచ్చెడిది. ఆ బొమ్మలలో గోధుమపైరు ఎప్పుడును పండియే యుండెడిది. కార్మికుడు ఎప్పుడును నవ్వుచునే యుండెడివాడు. నాయకుడు ఎప్పుడును బిడ్డల నడుమ నిలిచియే యుండెడివాడు. చెఖోవు కథలో నున్న మనుష్యుడు ఏడ్చును, తప్పు చేయును, అబద్ధమాడి సిగ్గుపడును. ఈ పత్రికలోని మనుష్యునికి అట్టి బాధలేవియు లేవు. రెండును ఒక దేశమునుండియే వచ్చినవి. ఒకటి సాహిత్యము, రెండవది ప్రకటన. ఒకే అంగడిలో రెండును అమ్ముడుపోవుటచేత మనవారు రెంటిని ఒకే గూటిలో పెట్టిరి.

మీమాంసకులు వేదవాక్యములలో విధి వేఱు, అర్థవాదము వేఱు అని చెప్పిరి. విధి చేయవలసిన పనిని చెప్పును. అర్థవాదము దానిని పొగడి మనస్సును అటు త్రిప్పును. పొగడ్తను పొగడ్తగా గ్రహింపవలెను గాని అక్షరాల సత్యముగ తీసికొనరాదని వారి మతము. వేదమును అపౌరుషేయమని నమ్మినవారే స్తుతివాక్యమును ఇట్లు వేఱుచేసి చూచిరి. ఇక ఒక ప్రభుత్వము తన్ను గూర్చి తాను అచ్చువేసికొన్న స్తుతిని అక్షరాల నమ్ముట ఏ శాస్త్రము?

ఆ నున్నని కాగితము మీద ఎక్కని సంగతులను తలచికొందము. 1932, 33 సంవత్సరములలో ఉక్రెయిన్ పల్లెలలో ధాన్యమును ప్రభుత్వమే ఊడ్చుకొనిపోగా ముప్పది లక్షలకు మించిన జనము కఱవున మలమల మాడి చచ్చిరి. అప్పుడు సోవియట్ ప్రభుత్వము కఱవే లేదని లోకమునకు చెప్పి, ధాన్యమును విదేశములకు అమ్ముచుండెను. 1937, 38 సంవత్సరములలో స్టాలిన్ ప్రభుత్వము చంపించినవారి సంఖ్య ఆ ప్రభుత్వపు కాగితముల ప్రకారమే 6 లక్షల 80 వేలకు మించినది. 1986 ఏప్రిల్ 26న చెర్నోబిల్ అణుకేంద్రము పేలినపుడు ఆ సంగతిని లోకమునకు ముందుగా తెలిపినది సోవియట్ ప్రభుత్వము కాదు. స్వీడన్ దేశములో గాలిలోని విషమును కనిపెట్టిన శాస్త్రజ్ఞులు. రెండు దినముల తరువాత గాని మాస్కో నోరు విప్పలేదు. మే 1న కీవ్ వీథులలో పిల్లలచేత ఊరేగింపు మాత్రము యథావిధిగా చేయించిరి. తన బిడ్డలకు ప్రమాదమును చెప్పని ప్రభుత్వము మన బిడ్డలకు నున్నని బొమ్మలను పంపుచుండెను.

ఇంకొక ప్రశ్న. మనము కృతజ్ఞులమై యుండవలసినది ఎవరికి? సోవియట్ యూనియన్ అనునది 15 రిపబ్లికుల కూటమి. రష్యా వానిలో పెద్దది. జనసంఖ్యలో దాని తరువాతది ఉక్రెయిన్. "రష్యను పుస్తకము" అని మనము చంకనిడుకొన్న "తొలి ఉపాధ్యాయుడు" వ్రాసిన చింగీజ్ ఐత్మాతోవ్ కిర్గిజు జాతివాడు. "నా దాగిస్తాన్" వ్రాసిన రసూల్ గంజాతోవ్ అవార్ భాషా కవి. గొగోలు పుట్టినది ఉక్రెయిన్ నేలమీద. 1957 అక్టోబరు 4న ఆకాశమునకు పంపబడిన తొలి కృత్రిమ ఉపగ్రహము స్పుత్నిక్‌ను నిర్మింపజేసిన సెర్గేయి కొరొల్యోవ్ పుట్టిన ఊరు ఉక్రెయిన్‌లోని జితోమిర్. ఆ మహాశయుని స్టాలిన్ ప్రభుత్వము 1938లో బంధించి, కొలిమా గనులకు పంపి, సగము చంపి విడిచినది. తరువాత స్పుత్నిక్ కీర్తిని లోకమంతట చాటిన ప్రభుత్వము దానిని చేసిన మనుష్యుని పేరును 1966లో అతడు మరణించు వఱకు దాచిపెట్టినది. కీర్తి రాజ్యమునకు, చెఱ మనుష్యునకు. ప్రభుత్వ ప్రచారము యొక్క తత్త్వమంతయు ఈ ఒక్క జీవితములో నున్నది.

అవిభక్త కుటుంబమొకటి మన యింటి పెండ్లికి కానుక చదివించినదనుకొనుడు. తరువాత వారు వేఱుపడిరి. పెద్దన్న ఆ కానుక తన సొంతమని లెక్క వ్రాసికొని, తమ్ముని ఇంటికి నిప్పు పెట్టుచు, "నా కానుక తిన్నారు గదా, నోరు మూసికొనుడు" అని మనకు చెప్పుచున్నాడు. 2022 ఫిబ్రవరి 24న జరిగిన పని ఇదియే. ఆ మార్చి నెలలో కొరొల్యోవ్ జన్మించిన జితోమిర్ మీద కూడ రష్యా బాంబులు పడినవి. "నాటు నాటు" అని మన తెలుగువారు పాడి ఆడిన పాటను 2021 ఆగస్టులో తీసినది కీవ్ నగరములోని మారిన్‌స్కీ రాజభవనము నెదుట. ఆ పాట ఆస్కారు బహుమానము పొందిన 2023 మార్చినాటికి ఆ నగరవాసులు బాంబుల భయములో దినములు గడుపుచుండిరి. పాటకు మనము పండుగ చేసికొంటిమి. పాటకు చోటిచ్చినవారిని మన గృహ సంభాషణలలో తలచినవారెందఱు? వారికిని మన కృతజ్ఞతలో పాలు లేదా?

పూర్వపు ప్రచారము ఒక సిద్ధాంతమును అమ్మెడిది. నేటిది ఒక మనిషిని అమ్ముచున్నది. చొక్కా విడిచి గుఱ్ఱమెక్కిన పుతిన్, పులితో పుతిన్, కొంగలతో ఎగురు పుతిన్. 2011 ఆగస్టులో ఆయన నల్లసముద్రములో మునిగి, ప్రాచీన కాలపు కుండలు రెండింటిని చేతబట్టుకొని పైకి లేచిన చిత్రమును లోకమెల్ల చూచినది. ఆ కుండలు అక్కడ ముందుగా పెట్టబడినవే యని రెండు నెలల తరువాత ఆయన ప్రతినిధి పెస్కోవ్ తానే ఒప్పుకొనెను. చిత్రము కోట్ల కన్నులకు చేరినది. ఒప్పుకోలు ఎందఱి చెవులకు చేరినది? ఇట్టి బొమ్మలకు మన సినిమా పాటలను జోడించి, తెలుగు వ్యాఖ్యానము చేర్చి, వాట్సాప్ ద్వారా ఇల్లిల్లు తిప్పుచున్నది మాస్కోవారు కారు, మన మేనమామలును బాబాయిలును. కూలి పుచ్చుకొను ప్రచారకుని కంటె కూలి లేకుండ చేయు ప్రచారకుడు ప్రభుత్వమునకు ఎక్కువ లాభము. 2023లో ప్యూ పరిశోధన సంస్థవారు 24 దేశములలో విచారింపగా, రష్యాపట్ల సదభిప్రాయము సగమునకు మించిన దేశము మన దొక్కటియే యని తేలినది. ఈ సదభిప్రాయము మన పెద్దలు కష్టకాలములో పొందిన మేలునుండి పుట్టినది. దానిని నేడు ఖర్చు చేయుచున్నవాడు వేఱొకడు.

2022 మార్చిలో ఏమి జరిగినదో చూడుడు. ఉక్రెయిన్‌లో వైద్యవిద్య చదువుచున్న మన బిడ్డలు, అందు తెలుగువారనేకులు, నేలమాళిగలలో చిక్కుకొనిరి. మార్చి 1న కర్ణాటక విద్యార్థి యొకడు ఖార్కివ్ నగరములో ఫిరంగి దెబ్బకు చనిపోయెను. ఆ దుఃఖము చల్లారకముందే, భారతీయుల కొఱకు పుతిన్ కొన్ని గంటలు యుద్ధమును ఆపెనను మాట ఇల్లిల్లు తిరిగినది. బాంబులు ఆపించితిమను మాట సరికాదని మన విదేశాంగ శాఖ ప్రతినిధియే ఆ వారములో స్పష్టముగ చెప్పెను. అయినను ఆ కథ చావలేదు. 22 వేలకు మించిన భారతీయులు ఇంటికి చేరినది బిడ్డల ఓపికచేతను, ఇరుగు దేశముల జనుల దయచేతను, మన అధికారుల శ్రమచేతను. కాని కథలో కీర్తి బాంబు వేసినవానికి దక్కినది. కొట్టినవాడు కొంతసేపు కొట్టుట మానెనని అతనికి దండ వేయు లోకమిది.

ఇక హైదరాబాదునకు ప్రత్యక్షముగ సంబంధించిన ఉదాహరణము కలదు. 2020 ఆగస్టు 11న, మూడవ దశ పరీక్షలు జరుగకమునుపే, ప్రపంచములో తొలి కరోనా టీకాను తామే అనుమతించితిమని పుతిన్ ప్రకటించెను. దానికి పెట్టిన పేరు స్పుత్నిక్ వి. మందునకు ఉపగ్రహము పేరేల? ఏలయన అది ముందు జెండా, తరువాత మందు. ఆ టీకా చెడ్డది కాదు. 2021 ఫిబ్రవరిలో లాన్సెట్ పత్రిక దాని గుణమును 91.6 శాతమని ప్రకటించినది. ఏప్రిల్‌లో మన ప్రభుత్వము అనుమతించినది. మే 1న తొలి సరకు హైదరాబాదు విమానాశ్రయములో దిగినది. మే 14న దేశములో తొలి మోతాదును ఈ నగరములోనే వేసిరి. దానిని తెచ్చినది పైన చెప్పిన డాక్టర్ రెడ్డీస్ సంస్థ. చావులు దినదినము వినవచ్చుచున్న ఆ దినములలో అది ఎందఱికో ఊఱట.

అయితే ఆ టీకా పుట్టిన దేశములో ఏమైనది? 2021 అక్టోబరు నాటికి రష్యా ప్రజలలో టీకా పూర్తిగా వేయించుకొన్నవారు మూడవవంతు మాత్రమే. మందు కొఱత కాదు, నమ్మకపు కొఱత. జీవితమంతయు ప్రభుత్వపు గొప్పలు విని విని విసిగిన ఆ ప్రజలు, ప్రభుత్వము ఒక్కసారి నిజముగ మంచి మందు నిచ్చినపుడు కూడ నమ్మలేకపోయిరి. ఆ యేట రష్యాలో లక్షలమంది చచ్చిరి. తోడేలు కథలోని గొల్లపిల్లవాని గొఱ్ఱెలు చచ్చినవి; ఇక్కడ మనుష్యులే చచ్చిరి. సోదరులారా, ఆలోచింపుడు: ఆ ప్రభుత్వమును దగ్గఱనుండి ఎఱిగిన ప్రజలు దాని మాట నమ్మరు, వేయి కోసుల దూరమున నున్న మనము నమ్ముచున్నాము. వంటింటిలో నున్నవారు తినని కూరను పంక్తిలో కూర్చున్నవారు మెచ్చుకొన్నట్లున్నది.

నైయాయికులు ఆప్తవాక్యమును ప్రమాణముగ నంగీకరించిరి. కాని ఆప్తుడెవడు? విషయమును ఎఱిగినవాడు, ఎఱిగినదానిని ఉన్నదున్నట్లు చెప్పువాడు. ఈ కొలతతో రష్యా ప్రభుత్వమును కొలువుడు. 2022 మార్చి 4న చేసిన చట్టము ప్రకారము సైన్యమును గూర్చి ప్రభుత్వమునకు సమ్మతము గాని సమాచారము చెప్పినవానికి 15 సంవత్సరముల వఱకు చెఱ విధింపవచ్చును. యుద్ధమును యుద్ధమనుట కూడ అక్కడ ప్రమాదమైనది. సంపాదకునికి 2021లో నోబెల్ శాంతి బహుమానము వచ్చిన "నోవయా గజేతా" పత్రిక 2022 మార్చి 28న ప్రచురణ నిలిపివేయవలసి వచ్చినది. అదే పత్రికలో వ్రాసిన అన్నా పొలిత్కోవ్‌స్కయాను 2006లో ఆమె నివసించు భవనపు లిఫ్టులో కాల్చి చంపిరి. స్టాలిన్ కాలమున చంపబడినవారి పేర్లను ఏర్చి కూర్చిన "మెమోరియల్" సంస్థను 2021 డిసెంబరులో న్యాయస్థానము రద్దుచేసినది. చచ్చినవారి జాబితా వ్రాయుట కూడ నేరమైనచోట బ్రతికినవారి మాటకు విలువ యెక్కడిది? ఎదురు చెప్పినవాడు చెఱకు పోవు సభలో అందఱును అవునన్నారని చెప్పుట సాక్ష్యము కాదు. అందుచేత 2024 ఎన్నికలో పుతిన్‌కు 87 శాతము ఓట్లు వచ్చినవను అక్కడి ప్రభుత్వపు లెక్క ఆయన బలమునకు గాని ప్రజల ప్రేమకు గాని కొలత కానేరదు.

ఇచట ప్రతిపక్షి లేచి, "పాశ్చాత్యులు అబద్ధములాడలేదా? 2003లో ఇరాకులో సర్వనాశక ఆయుధములున్నవని లోకమును వంచించి లక్షలమంది చావునకు కారకులు కాలేదా?" అని యడుగును. ఆడిరి, కారకులైరి. ఆ పాపము కడుగుకొన్న పోవునది కాదు. కాని ఆ మాట అబద్ధమని మనకు ఎట్లు తెలిసినది? 2004లో అమెరికా సెనేటు సంఘమే తన ప్రభుత్వపు గూఢచారుల తప్పులను నివేదికగా వెలువరించినది. అబూ గ్రైబ్ చెఱసాలలోని దురాచారములను ఆ దేశపు దూరదర్శనమే చూపినది. 2016లో చిల్కాట్ సంఘము బ్రిటనులో తన ప్రధానమంత్రి నిర్ణయమును ఎండగట్టినది. తప్పు చేసినవారికి తగిన శిక్ష పడలేదు. అది వారి న్యాయమునకు మచ్చ. అయినను ఆ యింటి అబద్ధమును ఆ యింటివారే చెప్పగలిగిరి, చెప్పి బ్రతికియుండిరి. మాస్కోలో బూచా పట్టణపు హత్యలను గూర్చి అట్టి సంఘమొకటి కూర్చుండునా? ఇద్దఱు దొంగలున్నారు కావున ఒక దొంగ దొర యగునను తర్కము ఏ గ్రంథములోను లేదు.

నేటి ప్రచారపు కౌశలము వేఱు. అది మనలను ఒక అబద్ధము నమ్ముమని బలవంతపెట్టదు. ఏదియు నమ్మవద్దని చెప్పును. 2014 జూలై 17న మలేషియా విమానము ఉక్రెయిన్ తూర్పున కూలి 298 మంది చచ్చినపుడు రష్యావారు ఒక సమాధానము కాదు, ఒకదానికొకటి పొసగని అనేక సమాధానములిచ్చిరి. ఉక్రెయిన్ యుద్ధవిమానము కూల్చినదని యొకమారు, ఉక్రెయిన్ క్షిపణి కూల్చినదని యొకమారు. రష్యానుండి తెచ్చిన క్షిపణియే దానిని కూల్చెనని 2022 నవంబరులో నెదర్లాండ్సు న్యాయస్థానము తీర్పు చెప్పునాటికి వినువారు అలసిపోయిరి. "ఏది నిజమో ఎవరికి తెలియును, అందఱును అంతే" అని పెదవి విఱచు గృహస్థుడే ఈ ప్రచారమునకు పంట. విదేశీయుల కొఱకు 2005లో నెలకొల్పబడిన ఆర్.టి. దూరదర్శన సంస్థ 2025 డిసెంబరులో పుతిన్ ఢిల్లీకి వచ్చినపుడు భారతదేశ శాఖను తెఱచినది. సరకు ఇక మన వాకిటికే వచ్చును.

"దేశమునకు చౌక నూనె కావలెను, ఆయుధములు కావలెను, స్నేహము చెడగొట్టుకొందుమా?" అని మఱియొక ప్రశ్న. 2022కు ముందు మన ముడినూనె దిగుమతులలో రష్యా భాగము నూటికి రెండు ప్రాంతము. యుద్ధము వచ్చిన తరువాత మూడవవంతు దాక పెరిగినది. ప్రభుత్వములు తమ బేరములు తాము చూచుకొనును. దానికి వారిని ఎన్నికలలో ప్రశ్నింపవచ్చును. కాని అంగడివానివద్ద ఉప్పు కొన్నవాడు అతని గుణగణములను కీర్తింపవలెనను నియమము లేదు. బేరము రాజ్యమునకు చెందినది, వివేకము ఇంటికి చెందినది. రాజ్యపు బేరము కొఱకు ఇంటి వివేకమును తాకట్టు పెట్టినచో వడ్డీ కట్టవలసినవారు మన బిడ్డలు.

ఆ వడ్డీ ఇదివఱకే కట్టబడినది. అమీర్‌పేట గోడల మీద విదేశపు చదువులకును కొలువులకును దారి చూపుదుమను ప్రకటనలు లేని చోటు లేదు. విదేశమన్నచో ఆశ పడుట మన యువకుల తప్పు కాదు. 2023 చివరను రష్యాలో సైన్యమునకు సహాయకుల కొలువులున్నవి, యుద్ధభూమికి పోనక్కఱలేదు, జీతము లక్షలలో ననుచు యూట్యూబ్ చిత్రముల ద్వారా ఎఱ వేసిన దళారులుండిరి. ఆ మాట నమ్మి పోయినవారిచేత తమకు రాని రష్యను భాషలో వ్రాసిన కాగితములపై సంతకములు చేయించి, చేతికి తుపాకి నిచ్చి యుద్ధభూమికి పంపిరి. అట్లు పోయిన హైదరాబాదు యువకుడొకడు మరణించెనని 2024 మార్చి 6న మాస్కోలోని మన రాయబార కార్యాలయము తెలిపినది. మఱునాడు సి.బి.ఐ. ఆ దళారుల మీద దాడులు చేసినది. జూలైలో మన ప్రధానమంత్రి మాస్కో పోయి అడుగవలసి వచ్చినది. 2025 జనవరిలో మన విదేశాంగ శాఖ చెప్పిన లెక్క ప్రకారము రష్యా సైన్యములో చిక్కిన భారతీయులు 126 మంది. అందు 12 మంది మరణించిరి, 16 మంది జాడ తెలియలేదు. "రష్యా మనకు ఎన్నడును ద్రోహము చేయలేదు" అను వాక్యమును ఈ యిండ్ల గడపల ముందు నిలిచి చదువగలవారెవ్వరు?

దళారి అబద్ధమాడెను, నిజమే. కాని దళారి అబద్ధము మొలకెత్తుటకు నేల కావలెను. రష్యా మన మిత్రుడు, రష్యావాడు మనవాడు, అక్కడ మనకు కీడు జరుగదు అని ఏండ్ల తరబడి భోజనముల దగ్గఱ మనము చెప్పిన మాటలే ఆ నేల. ఆ యువకులు మాస్కోనుండి వచ్చిన కరపత్రమును చదివి పోలేదు. పెద్దల నోట విన్న నమ్మకమును మూటగట్టుకొని పోయిరి.

కావున గృహస్థులు, ముఖ్యముగా తల్లులు, చేయదగిన పని యున్నది. ఏ నాయకుని బొమ్మయైనను చేతికి వచ్చినపుడు బిడ్డలను మూడు ప్రశ్నలడుగ నేర్పుడు. ఈ మాట చెప్పుచున్నవాడెవడు? దీనికి ఎదురు చెప్పినవాడు ఆ దేశములో ఇంటనున్నాడా, చెఱలో నున్నాడా? నేను దీనిని నమ్మినచో లాభపడువాడెవడు? ఈ ప్రశ్నలు రష్యాకు మాత్రమే కావు. అమెరికాకును, చైనాకును, మన ఢిల్లీకిని, మన రాష్ట్రపు రాజధానులకును ఇవే ప్రశ్నలు. పరాయి దేశపు నాయకుని మీద ఈ కొలతను అభ్యసించినవాడు స్వదేశపు నాయకుని యెదుట దానిని మఱవడు. ప్రభుత్వములకు ఈ విద్య నచ్చదు. అందుచేతనే దీనిని ఇంటిలో నేర్పవలెను.

రష్యాను ద్వేషింపుమని నేను చెప్పుట లేదు. రష్యాను సరిగా ప్రేమింపుమనియే చెప్పుచున్నాను. 1904లో రష్యా జపానుతో యుద్ధము చేయుచున్నపుడు, డెబ్బది యైదేండ్ల టాల్‌స్టాయి ఆ యుద్ధము పాపమని తన ప్రభుత్వమునకు ఎదురుగా వ్యాసము వ్రాసెను. అది లండనులో అచ్చయినది. జారు చక్రవర్తి ఆయనను ముట్టుకొన సాహసింపలేదు. అయిదేండ్ల తరువాత మన గాంధీగారు ఉత్తరములు వ్రాసి గౌరవించినది ఆ టాల్‌స్టాయినే, మన పల్లెలలోనికి తెలుగులో వచ్చి మనలను మనుష్యులను చేసినది ఆ టాల్‌స్టాయినే. 2022 తరువాతి చట్టముతో అదే వ్యాసమును నేటి యుద్ధము మీద వ్రాసినచో ఆయన చెఱలో నుండవలసినవాడు. మన ఋణము ఆయనకు, చెఱలో పడిన కొరొల్యోవ్‌నకు, పల్లెబడి గురువును గూర్చి వ్రాసిన ఐత్మాతోవ్‌నకు, బాలానగరములో మనవారికి పని నేర్పిన పేరు తెలియని ఇంజనీరునకు. ఆ ఋణమును మనము తీర్చవలసినది సత్యము పలికియే. వారి పేరు చెప్పికొని వసూలుకు వచ్చినవానికి ఒక్క దమ్మిడీయైనను ఇయ్యనక్కఱలేదు.